ఆదివారం ఆబిడ్స్‌లో మిత్రులతో
దూరమైన మిత్రులను మళ్లీ దగ్గర చేసుకోవాలంటే, 'ఎప్పుడైనా కలుద్దాం' అనే మాట విడిచి, వారానికొక వేళను, చోటును నిర్ణయించుకోవాలి. హైదరాబాదులో ఉన్నవారికి ఆబిడ్స్‌లో ఆదివారం నాడు కాలిబాటపై, మూసి ఉన్న దుకాణాల ముందు పరిచే పాత పుస్తకాల బజారు ఇందుకు ఎంతో అనువైనది. ఎండ ముదరకముందే వెళ్లి, గంటసేపు ఎవరికి వారు వెతికి, తమకు వింతగా తోచిన ఒక్క పుస్తకాన్ని మాత్రమే కొనాలి. తరువాత ఇరానీ చాయ్ తాగుతూ, దానినే ఎందుకు ఎంచుకున్నారో ఒకరికొకరు చెప్పుకోవాలి. మొదటి పుటలో ఎవరో ఎవరికో రాసిచ్చిన మాటలు, పుటల నడుమ మిగిలిపోయిన బస్సు టికెట్టు వంటివి కనిపిస్తే వదలకండి. నా దృష్టిలో అసలు సంభాషణ అక్కడే మొదలవుతుంది. ఊరు విడిచిన మిత్రునికి ఆ పుటను ఫొటో తీసి పంపండి. జవాబు రాకపోయినా, మరుసటి ఆదివారం మరొకటి పంపండి.