టెలిస్కోప్‌కి వైడ్‌ఫీల్డ్ ఐపీస్ ఎలా ఎంచుకోవాలి?

ఐపీస్ (టెలిస్కోప్‌లో కన్ను ఆనించి చూసే కటకాల గొట్టం) మీద 68°, 82°, 100° అని రాసి ఉండే అంకె ఆకాశంలో ఎంత మేర కనబడుతుందో చెప్పదు. కన్ను ఆనించినప్పుడు ఎదురుగా కనబడే వలయం ఎంత విశాలమో చెబుతుంది, అంతే. ఆకాశంలో అసలు ఎంత మేర పడుతుందనేది మీ టెలిస్కోప్ నాభ్యంతరాన్ని (అద్దం నుంచి బింబం ఏర్పడే చోటికి ఉన్న దూరం, ఫోకల్ లెంగ్త్) బట్టి కూడా ఉంటుంది. కాబట్టి డిగ్రీలు చూసి కొనకండి, మీ టెలిస్కోప్‌కి లెక్క కట్టి కొనండి. ఉదాహరణకి 8 అంగుళాల అద్దం ఉన్న డాబ్సోనియన్ (చేత్తో తిప్పే సాదా పీఠం మీది అద్దం టెలిస్కోప్) తీసుకుందాం: నాభ్యంతరం 1200 మి.మీ., ఎఫ్/6 (అంటే నాభ్యంతరం అద్దం వ్యాసానికి 6 రెట్లు).

1. ముందు మూడు లెక్కలు వేయండి

ఈ టెలిస్కోప్‌లో 24 మి.మీ., 68° ఐపీస్ పెట్టారనుకోండి. ఆవర్ధనం 1200 ÷ 24, అంటే 50 రెట్లు. అసలు క్షేత్రం, అంటే ఆకాశంలో కనబడే మేర, 68 ÷ 50, దాదాపు 1.36°. ఇది ఉజ్జాయింపు లెక్క. కచ్చితంగా కావాలంటే ఐపీస్ లోపలి ఫీల్డ్ స్టాప్ రింగు వ్యాసాన్ని నాభ్యంతరంతో భాగించి 57.3తో గుణించాలి. ఈ ఐపీస్‌లో ఆ రింగు 27 మి.మీ. ఉంటుంది కాబట్టి 1.29° వస్తుంది. మూడోది ఎగ్జిట్ ప్యూపిల్, అంటే ఐపీస్ నుంచి కంట్లోకి వచ్చే వెలుగు కట్ట వెడల్పు: 24 ÷ 6 = 4 మి.మీ.

పౌర్ణమి చంద్రుడు అర డిగ్రీ ఉంటాడు. ఆండ్రోమెడా గెలాక్సీ 3° దాకా పరుచుకుని ఉంటుంది. కృత్తికల్లో ప్రధాన నక్షత్రాలు 1.29°లో ఇరుకుగా పడతాయి, చుట్టూ నల్లటి ఆకాశం మిగలదు.

2. ఐపీస్ గొట్టం ఎంత పట్టనిస్తుందో చూడండి

1.25 అంగుళాల గొట్టం ఉన్న ఐపీస్‌లో ఫీల్డ్ స్టాప్ సుమారు 27 మి.మీ.కి మించి పట్టదు. అందుకే 32 మి.మీ. ప్లాసల్ (50° దాకా చూపే మామూలు రకం ఐపీస్), 24 మి.మీ. 68° ఐపీస్ రెండూ ఆకాశంలో ఒకే మేర చూపిస్తాయి. 40 మి.మీ. ప్లాసల్ కొన్నా అంతకంటే ఎక్కువ రాదు, పైగా వలయం చిన్నదైపోతుంది. ఊళ్లో వీధి దీపాల మధ్య చూసేవాళ్లకి 24 మి.మీ.దే మేలు. నేపథ్యం నల్లబడుతుంది, నక్షత్రాల కాంతి మాత్రం తగ్గదు, నక్షత్ర గుచ్ఛాలు విడిగా తేలతాయి.

2 అంగుళాల ఐపీస్ అయితే ఫీల్డ్ స్టాప్ 46 మి.మీ. దాకా వెళ్తుంది. మన డాబ్సోనియన్‌లో అది 2.2°. కొనేముందు మీ ఫోకసర్‌కి (ఐపీస్ అమర్చి ముందుకీ వెనక్కీ జరిపే భాగం) 2 అంగుళాలు పడుతుందో లేదో కొలిచి చూసుకోండి. చిన్న టెలిస్కోప్‌లలో చాలావాటికి పట్టదు.

3. ఎగ్జిట్ ప్యూపిల్ మితిమీరనివ్వకండి

చీకట్లో కంటిపాప కుర్రవాళ్లకి 7 మి.మీ. దాకా తెరుచుకుంటుంది, వయసుతోపాటు తగ్గుతుంది. ఎఫ్/5 టెలిస్కోప్‌లో 40 మి.మీ. ఐపీస్ పెడితే ఎగ్జిట్ ప్యూపిల్ 8 మి.మీ. వస్తుంది. కంటిపాపలో పట్టని వెలుగంతా వృథా, మీరు డబ్బు పెట్టి కొన్న అద్దంలో కొంత భాగం లేనట్టే. 5 మి.మీ. దగ్గర ఆగడం మంచిది. ఎఫ్/6కి అది 30 మి.మీ. ఐపీస్.

4. అంచులు ఎందుకు చెడతాయో తెలుసుకోండి

ఖర్చు తేలేది ఇక్కడే. ఎఫ్/10 టెలిస్కోప్‌లో వెలుగు సన్నటి కోణంలో వస్తుంది, చవక వైడ్‌ఫీల్డ్ కూడా అంచు దాకా బాగానే చూపిస్తుంది. ఎఫ్/5లో అదే ఐపీస్ పెడితే అంచు నక్షత్రాలు రెక్కలు విప్పిన పిట్టల్లా అవుతాయి. కొనేముందు స్నేహితుల దగ్గరో, ఖగోళ క్లబ్బులోనో అడిగి తెచ్చుకుని మీ టెలిస్కోప్‌లోనే పరీక్షించండి.

ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని మధ్యలో పెట్టి ఫోకస్ చేయండి. తర్వాత అంచుకి జరపండి. ఫోకసర్ కొద్దిగా తిప్పగానే మళ్లీ చుక్కలా కుదిరితే అది క్షేత్ర వక్రత, భరించవచ్చు. ఫోకస్‌కి ఇటు తిప్పితే ఒక గీత, అటు తిప్పితే దానికి అడ్డంగా ఇంకో గీత కనబడితే అది ఆస్టిగ్మాటిజం. తప్పు చాలావరకు ఐపీస్‌దే, ఆ ఐపీస్ మీ టెలిస్కోప్‌కి వద్దు. నక్షత్రానికి తోకచుక్కలా తోక వస్తే అది కోమా. న్యూటోనియన్ (డాబ్సోనియన్‌లో ఉండే రకం) అద్దం స్వభావమే అది, ఐపీస్ మార్చినా పోదు, కోమా కరెక్టర్ అనే అదనపు కటకం కావాలి. ఈ తేడా తెలియకే చాలామంది ఖరీదైన ఐపీస్ కొని నిరాశపడతారు.

6, 9, 15, 20 మి.మీ.లలో దొరికే చవకైన 66° ఐపీస్‌లలో 6, 9 ఎఫ్/5లో కూడా పనికొస్తాయి. 20 మి.మీ.లో అంచులు స్పష్టంగా చెడతాయి.

5. కళ్లద్దాలు

హ్రస్వదృష్టో, దీర్ఘదృష్టో మాత్రమే ఉంటే అద్దాలు తీసి ఫోకస్ సర్దుకోండి, సరిపోతుంది. కంటికి ఆస్టిగ్మాటిజం ఉంటే తక్కువ ఆవర్ధనంలో అద్దాలు ఉంచుకోవాల్సిందే. అప్పుడు ఐ రిలీఫ్ (పూర్తి వలయం కనబడాలంటే ఐపీస్ కటకం నుంచి కన్ను ఉండాల్సిన దూరం) 18 నుంచి 20 మి.మీ. ఉండేది చూడండి. కటకం లోపలికి దిగి ఉంటే చెప్పిన అంకెలో కొన్ని మి.మీ. పోతాయి.

6. బరువు

కొన్ని 2 అంగుళాల ఐపీస్‌లు కిలో దాకా తూగుతాయి. డాబ్సోనియన్ ముక్కు కిందికి వాలిపోతుంది. వెనక భాగానికి అయస్కాంతం బరువులు అంటించో, బిగింపు పెంచో సరిచేయాలి.

ఏ రెండు ముందు కొనాలి?

2 అంగుళాల ఫోకసర్ ఉంటే 30 మి.మీ., 82° (40 రెట్లు, దాదాపు 2°), లేకపోతే 24 మి.మీ., 68°. రెండోది 14 మి.మీ., 82°: 86 రెట్లు, 0.95°, ఎగ్జిట్ ప్యూపిల్ 2.3 మి.మీ. ఎక్కువ వాడేది ఇదే అవుతుంది. మే నెలలో రాత్రి 10 గంటల ప్రాంతంలో హైదరాబాద్ నుంచి దక్షిణాన సుమారు 25° ఎత్తులో ఒమేగా సెంటారీ గుచ్ఛం ఉంటుంది, వెడల్పు 0.6°. 15 మి.మీ. ప్లాసల్‌లో అది అంచు నుంచి అంచుకి నిండిపోయి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియదు. 14 మి.మీ. 82°లో చుట్టూ చీకటి మిగిలి, గుండ్రటి గుచ్ఛం పూర్తిగా కనబడుతుంది.

మోటార్ లేని డాబ్సోనియన్‌లో వైడ్‌ఫీల్డ్‌తో ఇంకో లాభం ఉంది. 150 రెట్ల దగ్గర గురుగ్రహం 50° ఐపీస్‌లో సుమారు 1 నిమిషం 20 సెకన్లలో దాటిపోతుంది, 82°లో 2 నిమిషాల 10 సెకన్లు నిలుస్తుంది.

కొన్నాక అసలు క్షేత్రం సరిచూసుకోండి. ఓరియన్ నడికట్టులో పడమటి చివర ఉన్న మింటాకాని వలయం మధ్య గుండా దాటనిచ్చి టైం చూడండి. నిమిషాలను 4తో భాగిస్తే డిగ్రీలు. 24 మి.మీ. ఐపీస్‌కి 5 నిమిషాల 10 సెకన్లు రావాలి.

వాడాక మంచు తడి ఆరకముందే మూత పెట్టకండి. కోస్తా గాలిలో కటకాల మీద ఫంగస్ త్వరగా పడుతుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచండి, గింజలు రంగు మారగానే వేడి చేసి మళ్లీ వాడండి.