వానలు మొదలయ్యేలోపు తలుపులు, గేట్ల యాక్సెస్ కంట్రోల్ వైరింగులో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

యాక్సెస్ కంట్రోల్ అంటే కార్డు చూపిస్తే తలుపు, గేటు తెరిచే ఏర్పాటు. ఎండాకాలమంతా సవ్యంగా నడిచిన కార్డు రీడర్ తొలి వానకే మొండికేస్తే, ఆ లోపం వైరింగులో ఎప్పట్నుంచో ఉందని అర్థం. తడి తగిలాక అది బయటపడుతుంది. అందుకే నేల పొడిగా ఉన్నప్పుడే ఈ తనిఖీ పూర్తిచేయాలి.

మొదట చూడాల్సింది లోపలున్న మనిషి ఎప్పుడైనా బయటికి రాగలడా అన్నది. మాగ్నెటిక్ లాక్ కరెంటు ఉన్నంతసేపే పట్టుకుంటుంది. బ్రేక్ గ్లాస్ బటన్ (అత్యవసరంలో నొక్కి బయటపడే బటన్) ఆ లాక్‌కి వెళ్లే ప్లస్ వైరునే నేరుగా తెంచాలి. చాలాచోట్ల దాన్ని కంట్రోలర్ (కార్డు సరైనదో కాదో చూసి లాక్‌ని నడిపే బోర్డు) ఎగ్జిట్ ఇన్‌పుట్‌కి, అంటే తలుపు తెరవమని చెప్పే టెర్మినల్‌కి, కలిపి వదిలేస్తారు. కంట్రోలర్ హ్యాంగ్ అయినా, దాని రిలే (లాక్ కరెంటును కలిపి, తెంచే స్విచ్చు) కాంటాక్టులు అతుక్కుపోయినా అప్పుడా బటన్ నొక్కి లాభం లేదు. పరీక్ష సులువు: కంట్రోలర్ ఎగ్జిట్ ఇన్‌పుట్ వైర్లు విప్పి, బ్రేక్ గ్లాస్ నొక్కండి. లాక్ వదలకపోతే వైరింగ్ మార్చాల్సిందే. ఫైర్ అలారం రిలే ఎన్‌సీ కాంటాక్టు (మామూలుగా కలిసి ఉండి, అలారం మోగితే తెగేది) కూడా అదే ప్లస్ లైనులో సిరీస్‌గా రావాలి. ఎంసీబీ దించితే తలుపు తెరుచుకుంటుందని ఎవరూ అనుకోకూడదు, బ్యాకప్ బ్యాటరీ ఆ లాక్‌ని గంటల తరబడి పట్టి ఉంచుతుంది.

లాక్ దగ్గర వోల్టేజీ

సప్లై బాక్సులో 12 వోల్టులు చూపిస్తోందని తృప్తిపడితే సరిపోదు. లాక్ పట్టి ఉన్నప్పుడు, లాక్ టెర్మినళ్ల మీదే మీటరు పెట్టాలి. 12 వోల్టుల 280 కిలోల లాక్ సుమారు అర ఆంపియరు తీసుకుంటుంది. సప్లై నుంచి లాక్ 40 మీటర్ల దూరంలో ఉంటే వెళ్లే వైరు, వచ్చే వైరు కలిపి 80 మీటర్లు. 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే దాదాపు ఒకటిన్నర వోల్టు దారిలోనే పోతుంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకు అర వోల్టే పోతుంది. నెట్‌వర్క్ కేబుల్‌లో ఒక్క జత తీగలతో లాక్ నడిపితే నష్టం రెండున్నర వోల్టులు దాటవచ్చు. వోల్టేజీ తగ్గితే లాక్ పట్టు అంతకంటే వేగంగా పడిపోతుంది, తలుపును గట్టిగా లాగితే ఊడొస్తుంది. 11 వోల్టుల కంటే తక్కువ కనిపిస్తే వైరు మందం పెంచండి, లేదా 24 వోల్టుల సప్లైకి మారండి. మారితే లాక్ లోపల వోల్టేజీ ఎంచుకునే జంపర్‌ని (చిన్న కలుపు ముక్క) కూడా 24కి మార్చాలి.

లాక్ ఆపిన ప్రతిసారీ కాయిల్ ఎదురు వోల్టేజీ వదులుతుంది. రిలే కాంటాక్టులు కాలడానికి, కంట్రోలర్ తనంతట తాను రీసెట్ కావడానికి ఇదే ముఖ్య కారణం. లాక్ టెర్మినళ్ల దగ్గరే రెంటికీ అడ్డంగా 1ఎన్4007 డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చేది) పెట్టండి, తెల్ల గీత ఉన్న కాలు ప్లస్ వైపుకి. తిరగేస్తే సప్లై షార్టవుతుంది. ఏసీ లాక్‌లకు మాత్రం డయోడ్ పెట్టకూడదు.

నీళ్లు లోపలికి వచ్చే దారులు

బయటి బాక్సులకు కేబుల్ ఎప్పుడూ కింది వైపు నుంచే రావాలి, గ్లాండ్ (కేబుల్ దూరేచోట బిగించే మూత) బిగువుగా ఉండాలి, లోపలికి వెళ్లేముందు కేబుల్ ఒకసారి కిందికి వంగి రావాలి. రీడర్ గోడకు ఆనేచోట పైనా పక్కలా సిలికాన్ పూసి, కింది అంచు మాత్రం వదిలేయండి. నాలుగు వైపులా మూసేస్తే లోపల చేరిన తేమకు దారి ఉండదు.

భూమిలో వేసిన పైపు వానాకాలంలో నీళ్లతో నిండుతుందనే లెక్కవేసుకోవాలి. అందులో జాయింటు ఉండకూడదు. మెలిపెట్టి పీవీసీ టేపు చుట్టిన జాయింటు తడికి పచ్చబడి రెసిస్టెన్స్ పెంచుకుంటుంది. కార్డు ఒకసారి చదివి ఒకసారి చదవకపోవడం చాలావరకు దీనివల్లే. టంకం పెట్టి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ వేయాలి, లేదా జెల్ కనెక్టర్లు వాడాలి. అనుమానమున్న కేబుల్‌ని 250 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) చూడండి, రీడింగు అర మెగోమ్ కంటే తక్కువైతే కేబుల్ మార్చడమే. మెగ్గర్ పెట్టేముందు రెండు చివర్లా రీడర్‌ని, కంట్రోలర్‌ని విప్పేయకపోతే అవి కాలిపోతాయి.

వీగాండ్ (పాత తరహా డేటా పద్ధతి) రీడర్ కేబుల్ 150 మీటర్లు దాటకూడదు. అంతకు మించితే ఆర్‌ఎస్-485 (దూరానికి పనికొచ్చే డేటా లైను) మీద నడిచే ఓఎస్‌డీపీ పద్ధతి రీడర్ మేలు. కేబుల్ షీల్డ్‌ని (తీగల చుట్టూ ఉండే లోహపు పొర) కంట్రోలర్ వైపు మాత్రమే ఎర్త్ చేయాలి. రీడర్‌కి విడి సప్లై ఇస్తే దాని మైనస్‌ని కంట్రోలర్ మైనస్‌తో కలపడం మరవద్దు.

గేటు

గేటుకి వెళ్లే పొడవాటి కేబుల్ పిడుగు పడినప్పుడు వచ్చే సర్జ్‌ని (ఒక్కసారిగా ఎగసే వోల్టేజీ) నేరుగా లోపలికి మోసుకొస్తుంది. రెండు చివర్లా సర్జ్ ప్రొటెక్టర్ ఉండాలి, దాని ఎర్త్ వైరు అర మీటరు లోపే, వంపులు లేకుండా ఉండాలి. గేటుకి, భవనానికి వేర్వేరు ఎర్తింగ్ ఉంటే మధ్యలో ఆప్టికల్ ఫైబర్ వేయడం ఖర్చే అయినా అదే సరైన పని. ఉరుము వినిపిస్తే బయటి లైన్ల మీద పని ఆపేయండి.

గేటు మోటారు మెయిన్స్ లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచే బ్రేకర్) తప్పనిసరి. మెయిన్స్, డేటా వైర్లు ఒకే పైపులో పోకూడదు. కంట్రోలర్ నుంచి గేటు బోర్డుకి వోల్టేజీ లేని రిలే కాంటాక్టు మాత్రమే ఇవ్వాలి, ఒక సెకను పల్స్ చాలు.

వానకి ఫోటోసెల్ (దారిలో ఎవరైనా ఉంటే గేటును ఆపే కాంతి సెన్సర్) అద్దం మసకబారి గేటు మూసుకోకపోతే కొందరు దాని టెర్మినళ్లను వైరు ముక్కతో కలిపేస్తారు. దయచేసి ఆ పని ఎప్పుడూ చేయకండి. పిల్లలు గేటు దారిలో ఉన్నా గేటు ఆగదు. అద్దం తుడవండి, గురి సరిచేయండి, పాడైతే మార్చండి.

బ్యాటరీని చివర్లో చూడండి. 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ 0.8 ఆంపియర్ల లోడుకు కాగితం మీద తొమ్మిది గంటలు వస్తుంది, నమ్మదగింది ఐదారు గంటలే. మెయిన్స్ తీసి గంట నడిపాక 12 వోల్టుల కంటే తక్కువ చూపిస్తే కొత్తది వేసి, వేసిన తేదీని దానిమీదే రాయండి.