బ్యాక్టీరియాలో క్యాస్9 కనిపించాలంటే ఏ యాంటీబాడీ కొనాలి?

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి ప్రాజెక్టు పిల్లలు పంపే వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్లను సైజును బట్టి విడదీసి యాంటీబాడీతో గుర్తుపట్టే పరీక్ష) ఫొటోలు చూస్తే బాధేస్తుంది. మెంబ్రేన్ నిండా నల్లచారలు, కింద "సార్, ఇందులో క్యాస్9 ఏది?" అని మెసేజ్. క్యాస్9 అంటే డీఎన్‌ఏని కత్తిరించే క్రిస్పర్ ప్రొటీన్. వాళ్లకు బ్లాట్ చెయ్యడం రాక కాదు, యాంటీబాడీ ఆర్డరిచ్చిన రోజే తప్పు జరిగిపోయింది.

ముందు ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలోకి జన్యువును మోసుకెళ్లే గుండ్రటి డీఎన్‌ఏ) మ్యాప్ తీసి మీ ప్రొటీన్ ఏదో చూసుకోండి. స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్ క్యాస్9లో 1368 అమైనో ఆమ్లాలు, బరువు దాదాపు 160 కిలోడాల్టన్లు. స్టాఫిలోకాకస్ ఆరియస్‌ క్యాస్9లో ఉండేవి 1053. ఒకదానికి చేసిన యాంటీబాడీ రెండోదాన్ని పట్టుకుంటుందని లెక్కేసుకోవద్దు. క్యాస్12ఎ (ఇంకో క్రిస్పర్ ప్రొటీన్) అయితే దానికి వేరే యాంటీబాడీ కొనాల్సిందే. డీక్యాస్9 (డీఎన్‌ఏని కత్తిరించలేని క్యాస్9) వాడేవాళ్లకు టెన్షన్ అక్కర్లేదు, మారేది 10, 840 స్థానాల్లోని రెండు అమైనో ఆమ్లాలే కాబట్టి మామూలు క్యాస్9 యాంటీబాడీ సరిపోతుంది.

మీ క్యాస్9కి ట్యాగ్ (గుర్తుపట్టడానికి తగిలించిన చిన్న ముక్క) ఉంటే ఫ్లాగ్ ట్యాగ్‌ని నమ్మండి, హిస్ ట్యాగ్‌ని (వరసగా హిస్టిడిన్లు ఉండేదాన్ని) నమ్మకండి. ఈ.కోలైలో స్లైడి లాంటి హిస్టిడిన్ ఎక్కువున్న సొంత ప్రొటీన్లు ఉన్నాయి. చవగ్గా వస్తుందని హిస్ యాంటీబాడీ కొని, ఆ తర్వాత నెలల తరబడి అదనపు చారలకు కారణాలు వెతుక్కోవడం దేనికి?

కొనేది మోనోక్లోనలే (ఒకే చోటును పట్టే ఒకే రకం యాంటీబాడీ) కావాలి. పయోజెనిస్ క్యాస్9కి 7ఏ9-3ఏ3 అనే ఎలుక క్లోన్ ఉంది, చాలా కంపెనీలు అమ్ముతాయి. అది ప్రొటీన్ ఎన్-చివరి భాగాన్ని పట్టుకుంటుంది, అందుకని మీ దగ్గర సీ-చివరి ముక్క మాత్రమే ఉంటే దాంతో పనవదు.

అసలు చిక్కంతా ఇక్కడి నుంచే. డేటాషీట్‌లో అందంగా ఒకే బ్యాండ్ చూపిస్తారు, కానీ కింది చిన్న అక్షరాలు చదవండి, అది చాలాసార్లు మనిషి కణాల్లో చేసిన బ్లాట్. మీ ట్యూబులో ఉన్నది బ్యాక్టీరియా. కుందేలు పాలీక్లోనల్ (రకరకాల యాంటీబాడీలు కలిసిన) సీరంలో ఈ.కోలై ప్రొటీన్లను పట్టే యాంటీబాడీలు మామూలుగానే ఉంటాయి, పైగా ఇంజెక్షన్ ఇచ్చిన క్యాస్9 ఈ.కోలైలో తయారైందైతే దాంతోపాటు వెళ్లిన మలినాలకూ కుందేలు స్పందిస్తుంది. ఇప్పటికే అలాంటిది కొనేసి ఉంటే, క్యాస్9 లేని ఈ.కోలై లైసేట్‌తో (పగలగొట్టిన కణాల ద్రవంతో) ముందుగా కలిపి ఉంచి, ఆ అనవసరమైన యాంటీబాడీలను తీసేశాక వాడండి.

స్టాఫిలోకాకస్ ఆరియస్‌లో పనిచేసేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. దాని గోడలోని ‘ప్రొటీన్ ఎ’ అనే ప్రొటీన్ చాలా యాంటీబాడీలను తోకవైపు, అంటే ఎఫ్‌సీ భాగం దగ్గర పట్టేసుకుంటుంది. కుందేలు ఐజీజీని గట్టిగా, ఎలుక ఐజీజీ1ని బలహీనంగా పడుతుంది, కోడి ఐజీవైని అసలు పట్టదు. ఆ బ్యాండ్ క్యాస్9 కంటే చాలా కింద వస్తుంది, దాన్ని చూసి "క్యాస్9 విరిగిపోయింది" అని థీసిస్‌లో రాసేస్తారు!

ఇది తేల్చేది ఒకటే, ఖాళీ ప్లాస్మిడ్ ఉన్న అదే స్ట్రెయిన్ లైసేట్, అదే మోతాదులో, పక్క లేన్‌లో. మన రొయ్యల చెరువుల నుంచి తీసిన విబ్రియో అనే బ్యాక్టీరియాలో చేస్తుంటే కంట్రోల్ కూడా ఆ విబ్రియోనే, ఈ.కోలై కాదు. ఇంకో లేన్‌లో శుద్ధి చేసిన క్యాస్9 కొంచెం వెయ్యండి. ఖాళీ లేన్‌లో 160 దగ్గర ఏమీ రాకూడదు, వస్తే ఆ యాంటీబాడీని పక్కన పెట్టెయ్యండి, ఎంత ఖరీదు పెట్టినా సరే.

మిగతాది తేలిక. 6 నుంచి 8 శాతం జెల్, 250 కిలోడాల్టన్ల వరకు చూపే ల్యాడర్ (బరువు పోల్చుకునే కొలబద్ద), రాత్రంతా 4 డిగ్రీల్లో తడి ట్రాన్స్‌ఫర్. పెద్ద ప్రొటీన్ కాబట్టి గంటలో ముగిద్దామనుకోవద్దు.

చివరగా, అన్నిటికంటే చిన్న వయల్ కొనండి. పార్సిల్ చెన్నై నుంచి వచ్చేదైతే సోమవారం బయలుదేరేట్టు చెప్పండి, శనివారం వచ్చి మూసిన ఆఫీసు ముందు మే నెల ఎండలో పడుండకూడదు. రాగానే చిన్నచిన్న ట్యూబుల్లోకి పంచి, ఫ్రీజ్ చెయ్యాలో వద్దో లేబుల్ మీద చూసి దాచండి, మొదటి బ్లాట్‌కి 1:1000 పలచనతో మొదలుపెట్టండి.