రొయ్యల గుంట లీజు పీడీఎఫ్‌కి హ్యాష్ తీసి పెట్టుకోండి

కోట, ముత్తుకూరు వైపు గుంటలు లీజుకిచ్చేవాళ్లు అగ్రిమెంటు స్కాన్ చేయించి వాట్సాప్‌లో పంపుకుంటుంటారు. పంపే ముందే దాని ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ తీయండి. హ్యాష్ అంటే ఫైలులో ఉన్నదాన్ని బట్టి లెక్కగట్టే, దాని వేలిముద్రలాంటి అక్షరాల వరుస; తర్వాత ఎవరైనా ఫైలుని దిద్దితే దీంతో తెలిసిపోతుంది. కంప్యూటర్లో సెవెన్‌జిప్ (ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్) ఉంటే ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, సీఆర్‌సీ ఎస్‌హెచ్‌ఏ మెనూలో ఎస్‌హెచ్‌ఏ-256 నొక్కితే 64 అక్షరాల వరుస వస్తుంది. ఎకరాకు 60,000 అన్నచోట 6ని 8 చేసినా వరుస అంతా మారిపోతుంది. ఫైలు పేరు మారిస్తే మాత్రం మారదు.

ఆ వరుసని ఫైలుతో కలిపి పంపి ఊరుకోవద్దు. ఫైలు దిద్దినవాడు కొత్త హ్యాష్ కూడా పెట్టేయగలడు. హ్యాష్‌ని ప్రింటు తీసి, ఇద్దరూ సంతకాలు పెట్టి, చెరొక కాపీ దాచుకోండి. తర్వాత ఫైలుకి మళ్లీ హ్యాష్ తీసి ఆ ప్రింటుతో పోల్చేటప్పుడు మొదలూ చివరా చూసి వదిలేయకుండా 64 అక్షరాలూ చూడాలి.

హ్యాష్ కలవనంత మాత్రాన మోసమని గొడవకు దిగకండి. ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదిస్తుంది, అందుకే ‘డాక్యుమెంట్’గానే పంపాలి. పీడీఎఫ్‌ని ఎడిటర్లో తెరిచి సేవ్ కొడితే పైకి ఏమీ మారకపోయినా లోపల తేదీ మారుతుంది. అదే కాగితాన్ని మళ్లీ స్కాన్ చేసినా హ్యాష్ వేరే వస్తుంది.

పాత హ్యాష్ పద్ధతులైన ఎండీ5, ఎస్‌హెచ్‌ఏ-1 వాడొద్దు. వేర్వేరు డేటాకు ఒకే హ్యాష్ రావడం ఎండీ5లో 2004లోనే, ఎస్‌హెచ్‌ఏ-1లో 2017లో చూపించారు. ఎలక్ట్రానిక్ రికార్డు కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం, 2023 అనే చట్టంలోని 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ రాయాల్సిన చోటు కూడా ఉంది.