18 నిండేలోపు హోం పిల్లలకు నేర్పాల్సినవి

నల్లగొండలో, ఇంటి అండ లేని ఆడపిల్లలు ఉండే ఒక హోంలో పెద్ద పిల్లల బాధ్యత నాది. 18 నిండితే పిల్ల హోం విడిచి వెళ్లాలి. ఆమెను సిద్ధం చేసే పని 16వ ఏటే మొదలుపెట్టండి.

ముందు కాగితాలు. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. 15 నిండాక ఆధార్‌లో వేలిముద్రలు మళ్లీ ఇవ్వాలి. బ్యాంకు ఫారం ఆమె చేతే నింపించండి. మీరు పక్కనే ఉండండి, నోరు మాత్రం విప్పకండి. కౌంటర్‌లో విసుక్కున్నా మళ్లీ అడగడం ఆమెకు అలవాటు కావాలి.

వంట విషయంలో నేను పట్టుబడతాను. మా పిల్లలు గుండిగ నిండా అన్నం వండగలరు కానీ ఒక్కరికి ఎన్ని బియ్యం పోయాలో తెలియదు. చిన్న గ్లాసు బియ్యం, గుప్పెడు కందిపప్పు, రెండు టమాటాలు, ఇంతే. వారానికో పూట ఎవరికి వారిని వండుకోనివ్వండి. సరుకులకు డబ్బిచ్చి ప్రకాశం బజారుకు ఒంటరిగా పంపండి. వచ్చాక లెక్క అడగండి, తిట్టకండి. సగం డబ్బు గాజులకు పోయిందా, ఆ పూట పప్పు లేకుండా వండుకుంటుంది. జీతం చేతికొచ్చాక తెలుసుకోవడం కంటే ఇప్పుడే తెలియడం నయం.

అద్దె గదులు చూడటానికి వెంట తీసుకెళ్లండి. తలుపుకు లోపలి గడియ గట్టిగా పడుతుందా, నీళ్లు ఏ వేళకు వస్తాయి, అడ్వాన్సుకు రసీదు ఇస్తారా అని ఆమే అడగాలి. చేరిన రోజే కరెంటు మీటరు ఫోటో తీసుకోమనండి. "మీ అమ్మానాన్నలు ఎక్కడుంటారమ్మా?" అని ఇంటివాళ్లు తప్పక అడుగుతారు. ఆ ప్రశ్న దగ్గర మా పిల్లల గొంతు పూడుకుపోతుంది. ఏం చెప్పాలో, ఎంత చెప్పాలో ఆమెతో కూర్చుని ముందే అనుకోండి. ఎంత చెప్పాలన్నది పూర్తిగా ఆమె ఇష్టం.

2015 బాల న్యాయ చట్టం 46వ సెక్షన్ కింద హోం విడిచినవారికి ఆర్థిక సాయం అందించవచ్చు. హోం విడిచాక అందే ఈ తోడ్పాటును ఆఫ్టర్‌కేర్ అంటారు, ఇది 21 ఏళ్ల వరకు ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ బాలల పథకం మిషన్ వాత్సల్యలో నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. 18 నిండకముందే జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అడగండి, ఆమె కేర్ ప్లాన్‌లో, అంటే సంరక్షణ ప్రణాళికలో, రాయించండి.

బతుకమ్మకు ఎవరింటికి వెళ్తుందో కూడా అడగండి. ఆ ఇంటివాళ్లతో ఆమె హోంలో ఉండగానే మాట్లాడి పెట్టండి.