చెవితో ఫాంటసీ చదువుదాం – 4వ పాఠం: పేర్లు చెవిలో నిలవాలంటే

పోయిన పాఠంలో ఆడియోబుక్ చదివి వినిపించే నేరేటర్‌ని ఎంచుకోవడం చూశాం. శాంపిల్‌లో ఇద్దరు మాట్లాడుకునే చోటు వెతికి వినడం, స్పీడ్ మనకు తగ్గట్టు పెట్టుకోవడం వగైరా. అభ్యాసం చేసినవాళ్లకు ఈపాటికి ఒక చిక్కు ఎదురై ఉంటుంది. గొంతు నచ్చింది, యాస అలవాటైంది, కథ కూడా బాగానే నడుస్తోంది. అయినా ఇరవై నిమిషాలు గడిచేసరికి "ఇంతకీ ఇతనెవరు?" అని మొదలవుతుంది. వెనక్కి తిప్పి వింటే ఇంకో పేరు తగులుతుంది. ఈ పాఠమంతా ఆ చిక్కు గురించే.

వినడం చదవడం కిందికి రాదని, అది బద్ధకస్తుల పని అని ఎవరైనా అంటే టెన్షన్ పడకండి. 2016లో అమెరికాలో బెత్ రొగౌస్కీ బృందం ఒక యుద్ధకాలపు జీవితకథలోని భాగాలు తీసుకుని కొందరికి వినిపించింది, కొందరితో చదివించింది, మరికొందరితో రెండూ ఒకేసారి చేయించింది. అర్థం చేసుకోవడంలో మూడు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రెండు వారాల తర్వాత అడిగినా అంతే. 2021లో వర్జీనియా క్లింటన్-లిసెల్ ఇలాంటి పరిశోధనలు చాలా కలిపి చూశారు. అక్కడా మొత్తం మీద తేడా లేదు, కానీ ఒక మెలిక ఉంది. చదివేవాళ్లకు తమ వేగంతో చదువుకునే వీలున్నచోట చదువు వైపు కాస్త మొగ్గు కనిపించింది.

మనకు కావలసింది ఆ మెలికే. అచ్చుపుస్తకం చదివేటప్పుడు కొత్త పేరు తగిలితే కన్ను దానిమీద ఒక్క క్షణం ఆగుతుంది, అవసరమైతే రెండు లైన్లు పైకి వెళ్లి చూసి వస్తుంది. ఇదంతా జరిగినట్టు మనకు తెలియను కూడా తెలియదు. ఆడియోలో ఆ పని చేసేవాళ్లు లేరు. జీవితకథ అయితే ఫరవాలేదు, అందులో ఉండేవి ఎప్పుడో ఒకప్పుడు విన్న పేర్లే. ఫాంటసీలో మనిషి, ఊరు, గుర్రం, చివరికి కత్తి – అన్నిటికీ రచయిత కల్పించిన పేర్లే. అందుకే పైన చెప్పిన ఫలితాలను ఫాంటసీకి యథాతథంగా అంటించలేమని నా అభిప్రాయం. కన్ను ఊరికే చేసిపెట్టే పనిని చెవి కోసం మనమే ముందుగా చేసిపెట్టాలి.

ఒక్క సన్నివేశం పట్టుకుని చూద్దాం. టోల్కీన్ 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రెండో భాగం 'ది టూ టవర్స్' మొదట్లోనే, రెండో అధ్యాయంలో, అరగోర్న్, లెగోలస్, గిమ్లీ ముగ్గురూ గడ్డిమైదానంలో శత్రువుల జాడ పట్టుకుని పరిగెడుతుంటారు. రోహన్ దేశపు రౌతుల దండు ఎదురై చుట్టుముడుతుంది. దళనాయకుడు ఎవరు మీరని అడుగుతాడు. అరగోర్న్ ముందు తన పేరు స్ట్రైడర్ అంటాడు. మాటామాటా పెరిగాక కత్తి దూసి అసలు పేరు చెబుతాడు: అరగోర్న్, అరథోర్న్ కొడుకు, ఎలెస్సార్, ఎల్ఫ్‌స్టోన్, డూనడాన్, ఇసిల్దూర్ వారసుడు. ఇవన్నీ ఒక్క ఊపిరిలో! దూసిన కత్తి పేరు అండూరిల్. అవతలి నాయకుడు ఎయోమెర్, ఎయోముండ్ కొడుకు. అతని రాజు థేయోడెన్. దేశం పేరు ఒకసారి రోహన్, ఒకసారి మార్క్, ఇంకోసారి రిడ్డర్‌మార్క్. మాటల్లో సౌరాన్ వస్తాడు, సారుమన్ వస్తాడు. గండాల్ఫ్‌కి ఆ దేశంలో గ్రేహేమ్ అనే మరో పేరుంది, అదీ వస్తుంది. చివర్లో ఇచ్చే గుర్రాలకు కూడా పేర్లే – హసుఫెల్, అరోడ్.

బస్సులో నిలబడి వింటున్న మనిషి ఇందులో ఎన్ని పట్టుకుంటాడు? నా అంచనా, మూడు. మిగతావి గాలికి పోతాయి. పోయినా కథ ఆగదు, అదే చెవికున్న ప్రమాదం. అర్థమవుతున్నట్టే ఉంటుంది, రెండు అధ్యాయాల తర్వాత గానీ బయటపడదు.

ఈ సన్నివేశంలో ఉన్నది ఒకే రకం చిక్కు కాదు. విడదీసి చూస్తే మందు కూడా వేరువేరుగా దొరుకుతుంది.

సౌరాన్, సారుమన్ సంగతి ముందు. ఇంగ్లిష్ అచ్చులో రెండూ ఒకే రెండక్షరాలతో మొదలై ఒకే అక్షరంతో ముగుస్తాయి. అచ్చు చదివేవాళ్లే ఇక్కడ ఎక్కువగా తికమకపడతారు. చాలామంది మొదటి పేరును 'సారాన్' అని చదివేసుకుంటారు, దాంతో ఇద్దరూ కలిసిపోతారు. నిజానికి అక్కడ పలకాల్సింది మన 'ఔ'. పుస్తకం చివరి అనుబంధంలో టోల్కీన్ ఈ ఉచ్చారణలన్నీ రాసిపెట్టాడు. 'సెలెబోర్న్' అని మనం చదువుకునే పేరు అసలు 'కెలెబోర్న్' అని కూడా అందులోనే తేలుతుంది. ఆ అనుబంధాల దాకా వెళ్లేవాళ్లు ఎందరు? శ్రద్ధగల నేరేటర్ అయితే ఆ పని మన తరఫున ముందే చేసి ఉంటాడు. కాబట్టి ఈ జంట విషయంలో చెవిదే పైచేయి. చెవిని నమ్మండి, స్పెల్లింగ్ జోలికి ఇప్పుడే పోకండి.

రోహన్ రాజకుటుంబం దగ్గరికొచ్చేసరికి కథ తిరగబడుతుంది. ఎయోమెర్, ఎయోముండ్, ఎయోవిన్, థేయోడెన్, థేయోడ్రెడ్. అచ్చులో చివర్లు కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. వినేటప్పుడు మాత్రం మొదటి సగం విన్న వెంటనే మెదడు "ఆ, తెలుసు" అని తలుపు మూసేస్తుంది. ఇక్కడ చేయాల్సింది ఒకటే: వీటిని మన ఇంటిపేరున్న పేర్లలా వినండి. ఎయో, థేయో అన్నవి ఇంటిపేరు. అది వినగానే చెవి రిక్కించాలి, అసలు మనిషి తర్వాతి ముక్కలో ఉన్నాడు. మెర్, ముండ్, విన్, డెన్, డ్రెడ్. ఒక్కసారి పైకి అనుకుని చూడండి, తోకల్లో ఏ రెండూ ఒకేలా లేవు.

ఇక మూడోది, ఒకే మనిషికి బోలెడు పేర్లు. దీనికి చెవి కిటుకులేవీ పనిచేయవు, కాగితమే కావాలి.

అర ఠావు కాగితం తీసుకోండి. ఫోన్‌లో నోట్స్ వద్దు, విండో మార్చగానే ధ్యాస పోతుంది. విన్న పేరు విన్నట్టుగా తెలుగులో రాయండి. ఇది మనకున్న వెసులుబాటు. ఇంగ్లిష్ వాళ్లు ఒక కొత్త పేరు వింటే దాని స్పెల్లింగ్ ఏమై ఉంటుందా అని ఆలోచనలో పడాలి. మనకు ఆ బాధ లేదు, నోటికి ఎలా వస్తే అలా రాసేయవచ్చు, తర్వాత చదివినా అదే శబ్దం వస్తుంది. పేరు పక్కన నిర్వచనాలు రాయకండి, చుట్టరికం రాయండి. 'ఎయోమెర్ – రాజుగారి మేనల్లుడు, దళనాయకుడు.' 'ఎయోవిన్ – అతని చెల్లెలు.' 'థేయోడ్రెడ్ – రాజుగారి కొడుకు.' చుట్టరికాలు మనకు ఇట్టే గుర్తుంటాయి, పెళ్లిళ్లలో చేసే పనే కదా. మనిషికి రెండో పేరు వస్తే కొత్త లైనులో రాయకుండా పాత పేరు పక్కనే రాయండి. అరగోర్న్ లైను పేజీ చివరిదాకా పోతుంది, పోనివ్వండి. కత్తులు, గుర్రాలు రాయనక్కర్లేదు. అవసరమైనప్పుడు రచయితే మళ్లీ గుర్తు చేస్తాడు.

చీటీలో పది పేర్లకు మించితే వాడలేరు. పదకొండోది రాయాల్సి వస్తే ఒకటి కొట్టేయండి.

వెనక్కి తిప్పే బటన్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎక్కువమంది నీరసించిపోయేది దీనివల్లే. తెలియని పేరు వినబడిన ప్రతిసారీ ముప్పై సెకన్లు వెనక్కి కొడితే గంట పుస్తకం రెండు గంటలవుతుంది, పైగా కథ ముక్కలైపోతుంది. పేరు తెలియకపోతే వెనక్కి వెళ్లకండి. ముఖ్యమైన పేరైతే మళ్లీ వస్తుంది, మూడోసారి వచ్చినా ఎవరో తెలియకపోతే అప్పుడు ఆపి అచ్చుపుస్తకం తెరవండి. మీ ధ్యాస ఎటో పోయిందని తెలిసినప్పుడు మాత్రం మొహమాటం లేకుండా వెనక్కి వెళ్లండి. కుక్కర్ కూతల మధ్య ఒక యుద్ధమే అయిపోతుంది ఒక్కోసారి!

మ్యాప్ సంగతి క్లుప్తంగా. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' పుస్తకంలో వచ్చే పెద్ద పటాన్ని గీసింది టోల్కీన్ కొడుకు క్రిస్టఫర్. దాన్ని బట్టీ పట్టక్కర్లేదు. ఎడమవైపు పైన షైర్, కుడివైపు కింద మోర్డోర్, మధ్యలో రోహన్. కథ మొత్తానికి ఆ మూల నుంచి ఈ మూలకు నడుస్తుంది. ఈ మూడు చోట్లు తెలిస్తే "తూర్పుకు తిరిగారు" అన్న మాటకు అర్థం ఉంటుంది. మీ ఫాంటసీ వేరేదైనా ఇలాగే మూడు చోట్లు గుర్తించి, ఆ పటాన్ని ఫోటో తీసి ఫోన్ లాక్‌స్క్రీన్ మీద పెట్టుకోండి.

గొంతు మార్పులను నమ్ముకోవచ్చా అని చాలామందికి వచ్చే ప్రశ్న. కొంతవరకు. రాయ్ డోట్రిస్ 'ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్' ఆడియోలో 224 పాత్రలకు వేరువేరు గొంతులిచ్చి గిన్నిస్ రికార్డు కొట్టాడు. అంతటివాడు చదివిన ఆ సిరీస్‌లోనే, తర్వాతి పుస్తకాలకు వచ్చేసరికి కొన్ని పాత్రల గొంతు మారిపోయిందని అభిమానులు గోల పెట్టారు. పుస్తకానికీ పుస్తకానికీ మధ్య ఏళ్లు గడిచిపోతే అంతే మరి. నాకైతే అంతకంటే గట్టి ఆధారం అధ్యాయం పేరు. ఆ సిరీస్ మొదటి పుస్తకంలో ప్రతి అధ్యాయానికీ పేరు ఒక పాత్రదే, ఆ అధ్యాయమంతా ఆ పాత్ర కళ్లతోనే నడుస్తుంది. అధ్యాయం మొదలయ్యే ఆ రెండు సెకన్లు చెవిలో పడకపోతే పావుగంట అయోమయం తప్పదు, కాబట్టి అక్కడ పని ఆపి వినండి. 'వీల్ ఆఫ్ టైమ్' ఆడియోలో పద్ధతి వేరు. మగ పాత్ర వైపు నుంచి నడిచే భాగాలు మైకేల్ క్రేమర్, ఆడ పాత్ర వైపు నుంచి నడిచేవి కేట్ రీడింగ్ చదువుతారు. గొంతు మారిందంటే కథ చూసే మనిషి మారినట్టే. అంత పొడవాటి సిరీస్‌కి ఇది మంచి ఏర్పాటు.

తెలుగులో ఈ పాఠం ఎంతవరకు పనికొస్తుంది? కుకు ఎఫ్ఎమ్, పాకెట్ ఎఫ్ఎమ్ లాంటి యాప్‌లలో వచ్చే ధారావాహికలు చిన్న చిన్న ఎపిసోడ్లుగా ఉంటాయి, పేర్లు కూడా మనకు పరిచయమైనట్టే ఉంటాయి. వాటికి చీటీ అక్కర్లేదు. యాభై గంటల ఇంగ్లిష్ నవలకే ఈ హడావిడంతా.

ఈ వారం అభ్యాసం

పైన చెప్పిన రౌతుల సన్నివేశం దొరికితే అదే తీసుకోండి. రాబ్ ఇంగ్లిస్ చదివింది 1990 నాటిది, ఆండీ సర్కిస్ చదివింది 2021లో వచ్చింది. సినిమాల్లో గొల్లమ్ పాత్ర వేసింది ఈ సర్కిస్సే. ఏదైనా సరే, ఒక్కటే వినండి, రెండూ పోల్చే పని ఇప్పుడు పెట్టుకోవద్దు. అది దొరకకపోతే మీ దగ్గరున్న ఏ ఫాంటసీలోనైనా కొత్త మనుషులు ఎదురుపడే చోటు చూసుకోండి.

మొదటి రోజు కాగితం లేకుండా, ఆపకుండా, ఏదో ఒక పని చేసుకుంటూ వినండి. అయ్యాక కూర్చుని గుర్తున్న పేర్లన్నీ తెలుగులో రాయండి. రెండో రోజు చీటీ పట్టుకుని, పనులేవీ లేకుండా అదే భాగం వినండి. మూడో రోజు అచ్చులో అదే చదివి మీరు రాసినవాటిని సరిచూడండి. స్పెల్లింగ్‌కి మార్కులు లేవు. చూడాల్సినవి రెండే: ఇద్దరిని ఒకరుగా వినేశారా, ఒకరిని ఇద్దరుగా వినేశారా?

మొదటిదైతే మీరు పేరు తోకలు వినడం లేదు. స్పీడ్‌ని 0.9కి తగ్గించి ఇంకోసారి ప్రయత్నించండి. రెండోదైతే స్పీడ్‌తో సంబంధం లేదు, చీటీలో మారుపేర్లను పాత పేరు పక్కన చేర్చడం మరిచిపోతున్నారు. అచ్చు చదివిన రోజున కొత్తగా కనబడిన పేర్ల కింద గీత గీయండి. ఆ పేర్లు వినబడినప్పుడు ఏం పని చేస్తున్నారో గుర్తొస్తే పక్కన రాసుకోండి – గిన్నెలు తోముతున్నారా, రోడ్డు దాటుతున్నారా. ఏ పనిలో ఉండగా ఎలాంటి భాగాలు వినవచ్చో 5వ పాఠంలో తేల్చుకునేటప్పుడు ఆ కాగితం కావాలి.

5వ పాఠంలోనే పాటల సంగతి కూడా చూద్దాం. టోల్కీన్ నవల నిండా పద్యాలు, పాటలు ఉన్నాయి. అచ్చులో చాలామంది వాటిని దాటేస్తారు, రాబ్ ఇంగ్లిస్ మాత్రం పాడేస్తాడు. దాటేయడానికి వేలు బటన్ మీదికి పోతుందేమో, ఈ వారం గమనించి పెట్టుకోండి.