ఓడ మునిగిన రాత్రి, పలక దొరికిన రోజు: స్కాట్లాండ్ దీవుల కోర్టు కాగితాలను చదివే పద్ధతి

ఆర్క్నీ, షెట్లాండ్ దీవుల పందొమ్మిదో శతాబ్దపు చరిత్రలో ఓడ ప్రమాదాలు ఒకచోట, చిల్లర దొంగతనాలు మరొకచోట కనిపిస్తాయి. దీవి జనానికి మాత్రం చాలాసార్లు ఆ రెండూ ఒకే తుఫాను తెచ్చినవి. నడిరాత్రి పగిలిన ఓడకూ, మూడు వారాల తరువాత ఒక రైతు కొట్టంలో దొరికిన పైన్ పలకకూ మధ్య ఉన్న సంబంధాన్ని కాగితాలలో పట్టుకోవడం ఎలాగో తెలుసుకోవాలనుకునే పరిశోధకులకూ, ఈ నేపథ్యంలో కథ రాయాలనుకునేవారికీ ఉపయోగపడుతుందని ఈ పద్ధతిని వివరిస్తున్నాను.

ముందుగా ఒక దీవిని, ఒక ఓడను ఎంచుకోవాలి. "స్కాట్లాండ్ ఓడ ప్రమాదాలు" అని మొదలుపెట్టినవారు ఆరు నెలల తరువాత కూడా మొదలుపెట్టిన చోటే ఉంటారు. ఆర్క్నీలోని సాండే దీవి మంచి ఎంపిక. నేల చాలా పల్లంగా ఉండటంతో రాత్రివేళ నావికులకు అది దగ్గరకు వచ్చేదాకా కనిపించేది కాదు. అక్కడి స్టార్ట్ పాయింట్ వద్ద 1806లో వెలిగించిన దీపస్తంభమే స్కాట్లాండ్‌లో తిరిగే దీపం ఉన్న మొదటిది. సాండేలో చెట్లు లేవు, పొయ్యిలోకి పీట్ మట్టి సైతం పక్క దీవి నుంచి రావలసిందే. అటువంటి చోట ఒడ్డుకు కొట్టుకొచ్చిన దూలం అంటే ఇంటి కప్పు, తలుపు, పడవ, పాడె అన్నీ అదే. ఈ సంగతి గుర్తుంచుకోకుండా కోర్టు కాగితం తెరిస్తే దీవిలో ఉన్నవారందరూ దొంగలుగానే కనిపిస్తారు.

ఓడ పేరు, తేదీ తేల్చుకోవడానికి పత్రికలు చాలు. లాయిడ్స్ లిస్ట్ 1734 నుంచీ ఓడల రాకపోకలనూ ప్రమాదాలనూ ప్రచురిస్తూ వచ్చింది. స్థానికంగా ది ఆర్కేడియన్ 1854లోనూ, ఆర్క్నీ హెరాల్డ్ 1860లోనూ, షెట్లాండ్ టైమ్స్ 1872లోనూ మొదలయ్యాయి. ప్రమాదం తరువాతి రెండు మూడు నెలల సంచికలను, ముఖ్యంగా వాటిలోని ప్రకటనలను వదలకుండా చూడండి. ఎందుకో కొద్దిసేపట్లో తెలుస్తుంది.

తరువాత చట్టం. ఇక్కడే చాలామంది పొరబడతారు. కొట్టుకొచ్చిన సరుకును ఏరుకోవడం నేరం కాదు, ఏరుకున్నట్టు చెప్పకపోవడమే నేరం. 1854 నాటి మర్చెంట్ షిప్పింగ్ చట్టం ఈ సరుకుపై పర్యవేక్షణను బోర్డ్ ఆఫ్ ట్రేడ్ అనే ప్రభుత్వ వాణిజ్య శాఖకు అప్పగించింది. దొరికిన వస్తువును రిసీవర్ ఆఫ్ రెక్ (రెక్ అంటే ఓడ ప్రమాదపు సరుకు) అనే అధికారికి ఒప్పగించాలి, అప్పగించినవారికి ప్రతిఫలం ముట్టేది. సాధారణంగా కస్టమ్స్ అధికారే ఈ బాధ్యతను కూడా చూసేవాడు. సొంతదారు వచ్చి అడగడానికి ఏడాది గడువు ఉండేది. ఈ నియమాలను క్రోడీకరించిన 1894 చట్టం ప్రకారం దాచుకున్నవాడికి 100 పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు, ప్రతిఫలంపై హక్కు పోతుంది, వస్తువు విలువకు రెట్టింపు చెల్లించవలసి వస్తుంది. మీ ఓడ 1830కి ముందుదైతే సముద్ర వ్యవహారాలను చూసిన అడ్మిరల్టీ కోర్టు కాగితాలలో వెతకాలి. ఆ సంవత్సరం నుంచి దాని అధికారాలు మామూలు కోర్టులకు వెళ్లాయి.

ఇప్పుడు అసలు పని. స్కాట్లాండ్‌లో నేరాలను విచారించి కేసు నడిపేది ప్రొక్యురేటర్ ఫిస్కల్ అనే ప్రభుత్వ న్యాయవాది. చిన్న కేసులు షెరీఫ్ అనే స్థానిక న్యాయమూర్తి కోర్టుకు వెళ్లేవి. ఎడిన్‌బరోలోని జాతీయ అభిలేఖాగారం జాబితాలో ఆర్క్నీలోని కర్క్‌వాల్ షెరీఫ్ కోర్టుకు ఎస్‌సీ 11, షెట్లాండ్‌లోని లెర్విక్ కోర్టుకు ఎస్‌సీ 12 అని సంకేతాలున్నాయి. పెద్ద కేసులలో విచారణకు ముందు సాక్షులు చెప్పిన మాటల కట్టలను ప్రీకాగ్నిషన్లు అంటారు. అవి స్కాట్లాండ్ ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి అయిన లార్డ్ అడ్వొకేట్ కార్యాలయపు ఏడీ 14 వరుసలో ఉంటాయి. ఆన్‌లైన్ జాబితాలో నిందితుడి పేరుతో, నేరంతో, ఊరితో వెతకవచ్చు. అయితే "రెక్" అనే ఒక్క మాటతో వెతికి ఊరుకోకండి. ఫిస్కల్ దానిని చాలాసార్లు కేవలం "దొంగతనం" అనే రాసి ఉంటాడు. ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడాదిలోపు ఆ పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) నుంచి వచ్చిన దొంగతనం కేసులన్నింటినీ తీసి, పోయిన వస్తువుల పట్టీ చూడండి. తెరచాప గుడ్డ, మోకు, రాగి మేకులు, దూలాలు కనిపిస్తే మీ ఓడ దొరికినట్టే.

నిందితుడి వాంగ్మూలాన్ని నిదానంగా చదవాలి. అది అతని గొంతు కాదు, గుమస్తా రాసిన సారాంశం. ఆర్క్నీ యాసలో పలికిన మాట కోర్టు ఇంగ్లీషుగా మారింది, పశ్చిమ దీవుల నుంచి వచ్చిన కేసైతే గేలిక్ నుంచి దుబాసీ ద్వారా మారి ఉండవచ్చు. ప్రశ్నలను పూర్తిగా రాయరు, జవాబులే ఉంటాయి. "ఆ పలకపై అక్షరాలను తాను చూడలేదు" అని ఉంటే, ఓడ పేరు అక్షరాలను చెక్కి తీసేశావా అని షెరీఫ్ అడిగాడన్నమాట. ప్రతి జవాబు పక్కనా ఇలా ప్రశ్నను ఊహించి పెన్సిలుతో రాసుకుంటూ వెళితే విచారణ గది మెల్లగా కళ్ళ ముందుకు వస్తుంది. నాకైతే ఈ పనిలో ఇంతకంటే ఆసక్తికరమైన భాగం లేదు. వాంగ్మూలం చివర సంతకం ఉందా, రాయడం రాదన్న మాట ఉందా అన్నదీ గమనించండి.

పత్రికా ప్రకటనలు ఇక్కడ అక్కరకు వస్తాయి. గట్టుకు చేరిన సరుకును, కొన్నిసార్లు ఓడ శిథిలాన్ని కూడా బహిరంగ వేలంలో అమ్మేవారు. స్కాట్స్ భాషలో ఈ వేలాన్ని రూప్ అంటారు. దాని పట్టీలో కొన్నవారి పేరు, వస్తువు, ధర ఉంటాయి. ఉదాహరణకు, ఒక రైతు కొట్టంలో ఓడ పలక దొరికిందని, దాన్ని వేలంలో కొన్నానని అతను అన్నాడని అనుకుందాం. పట్టీలో అతని పేరు ఉందా? అతను కొన్నది పలకలా, మోకులా? పట్టీ దొరకకపోతే వేలం ప్రకటన తేదీ అయినా సోదా తేదీకి ముందుదో కాదో తేలుతుంది. ఈ ఒక్క పోలికను చూడకుండా మనిషిని దొంగ అని రాయకూడదు.

చర్చి పెద్దల సభ అయిన కర్క్ సెషన్ పుస్తకాలను స్కాట్లాండ్స్ పీపుల్ వెబ్‌సైటులో చూడవచ్చు. ఆదివారం పూట కట్టెలు ఏరుకోవడానికి వెళ్లినవారిని మందలించిన దాఖలాలు ఉంటే అక్కడే ఉంటాయి. కుటుంబాన్ని గుర్తించడానికి 1841 నుంచి ప్రతి పదేళ్లకూ జరిగిన జనగణన, 1855లో మొదలైన జనన మరణ రిజిస్టర్లు చాలు. షెట్లాండ్‌లో తండ్రి పేరునే ఇంటిపేరుగా మార్చుకునే ఆచారం పందొమ్మిదో శతాబ్దంలోనూ కొంత కొనసాగింది కనుక, అన్నదమ్ములకు ఒకే ఇంటిపేరు ఉన్నా తండ్రికి వేరేది ఉండవచ్చు.

స్థలం కూడా అర్థం కావాలి. జియో అంటే కొండరాళ్ల మధ్య ఇరుకైన సముద్రపు చీలిక, ఎయిర్ అంటే గులకరాళ్ల ఒడ్డు, నూస్ట్ అంటే పడవను లాగిపెట్టుకునే గుంట. సాక్షి "నూస్ట్‌లో చూశాను" అంటే పడవ పక్కన, ఊరంతా నడిచే దారిలో చూశాడని. అది దాచిన చోటు అవునా కాదా అన్నది కేసుకు ముఖ్యం. పాత సర్వే పటాన్ని పక్కన పెట్టుకుని చదవండి.

దొంగదీపం పెట్టి ఓడలను రాళ్ల మీదికి రప్పించేవారన్న కథను మీ కాగితంలో ఆధారం లేకుండా తేవద్దు. దీవి జనం ఓడవారిని ఆదుకున్నారన్న ఎదురు సాక్ష్యం గట్టిది. 1868లో జర్మన్ వలస ఓడ లెస్సింగ్ ఫెయిర్ ఐల్ దీవి వద్ద పగిలినప్పుడు 460 మందికి పైగా ఉన్న ప్రయాణికులూ నావికులూ అందరూ ప్రాణాలతో గట్టెక్కారు, చిన్న దీవిలోని కొద్దిపాటి కుటుంబాలే వారికి ఆశ్రయమిచ్చాయి. అన్ని ప్రమాదాలూ ఇలా ముగియలేదు: 1853లో పశ్చిమ దీవులలోని వాటర్సే వద్ద పగిలిన ఆనీ జేన్ ఓడలో సుమారు 350 మంది చనిపోయారు. ఆ రెండు చోట్లా ఒడ్డున ఉన్నవారు ఒకే రకం పేద రైతులు, జాలరులు. దూలం దాచినవాడూ తాడు విసిరినవాడూ ఒకే ఇంటివాడై ఉండవచ్చు కాబట్టి, కేసు కట్ట మూసేముందు ఆ ప్రమాదంలో సాయపడినవారి పేర్ల కోసం పత్రికను మరోసారి తిరగేసి, నిందితుడి పేరు అందులో ఉందేమో చూడండి.